వెదురు బద్దల మీద సామ్రాజ్యం



ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ వినే కార్యక్రమంలో రెండు వేల ఏళ్ళ నాటి చైనా గొడవ మనకెందుకండీ అని మీరు అడగొచ్చు. దానికి కారణం మా అమ్మాయి. ఆరో క్లాసు చదువుతోంది. ఇక్కడ అమెరికాలో చాలా చోట్ల ఆరో క్లాసులో ప్రాచీన నాగరికతలు చెబుతారని ఆ వయసు పిల్లలున్న వాళ్ళకి తెలిసిందే. ఈజిప్టు అయింది, ఇండియా అయింది, చైనా దగ్గరికొచ్చారు. ఒక కాగితం ఇచ్చి పంపారు. అందులో మూడు గళ్ళు. ఒకటి కన్ఫ్యూషియస్ మతం, రెండోది దావో మతం, మూడోది లీగలిజం. మతం అన్నానే గానీ ఇవి మన అర్థంలో మతాలు కావు, రాజ్యం ఎలా నడపాలన్న వాదాలు. ఒక్కో గడిలో ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏ రాజవంశం పాటించింది అని రాయాలి. తర్వాత క్లాసులో వాదన పెడతారు. నువ్వే చక్రవర్తివైతే దేన్ని ఎంచుకుంటావు అని. చీటీలు తీస్తే మా పిల్లకి లీగలిజం వచ్చింది. "నాన్నా, అందరికన్నా చెడ్డవాళ్ళు నాకొచ్చారు" అని మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

సరే, సాయం చేద్దామని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చాను. పది రోజుల్లో తేలిపోతుందనుకున్నది రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో నాకు అర్థమైనదేమిటంటే, ఆ కాగితం మీద మూడు గళ్ళ మధ్య గీసిన గీతలున్నాయే, అవి చైనాలో ఎక్కడా లేవు. మన గురించి అదే పుస్తకంలో రెండు పేజీల్లో సర్దేస్తే మనకెంత ఒళ్ళు మండుతుందో గుర్తు తెచ్చుకోండి. పక్కవాళ్ళ విషయంలో అదే పని మనం చేయకూడదు కదా.

ముందు మనుషుల సంగతి చెబుతాను. కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో పుట్టి 479లో పోయాడు. లూ అనే చిన్న రాజ్యం ఆయనది. నా సలహా విని రాజ్యం బాగుచేసుకోండయ్యా అని శిష్యులను వెంటేసుకుని ఒక్కో రాజు గుమ్మం ఎక్కి దిగాడు. రెజ్యూమె పట్టుకుని తిరిగినట్టే. నిలకడైన ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ఆయన చెప్పిన దాని సారం ఇది. శిక్షలతో భయపెడితే జనం తప్పించుకునే దారి వెతుక్కుంటారు, సిగ్గు మాత్రం నేర్చుకోరు. పాలించేవాడు తాను సవ్యంగా నడిచి, పెద్దల పట్ల, పితృదేవతల పట్ల చేయవలసినవి చేస్తుంటే జనం తమంతట తామే దారికొస్తారు. వినడానికి బాగుంది. కానీ ఆయన పోయాక రెండున్నర శతాబ్దాలు చైనా ఒకదాన్నొకటి మింగాలని చూసే రాజ్యాలుగా కొట్టుకుంది. చివరికి మిగిలిన పెద్ద రాజ్యాలు ఏడు. పక్కవాడు సైన్యంతో సరిహద్దు మీద ఉన్నప్పుడు సద్గుణాల పాఠం వినే తీరిక ఏ రాజుకుంటుంది?

అప్పుడొచ్చాడు షాంగ్ యాంగ్. ఏడింటిలోనూ పడమటి కొసన, మిగతావాళ్ళు సగం అనాగరికులుగా చూసిన రాజ్యం చిన్. ఇతను ఆ ఊరివాడు కాదు, పొరుగు నుంచి పనికోసం వచ్చినవాడు. క్రీ.పూ. 356 నుంచి అక్కడ చట్టాలు తిరగరాశాడు. చట్టం ప్రకటించే ముందు ఒక పని చేశాడని చెబుతారు. రాజధాని దక్షిణ ద్వారం దగ్గర ఒక దుంగ నిలబెట్టి, దీన్ని ఉత్తర ద్వారం దాకా మోస్తే పది బంగారు నాణేలు ఇస్తానన్నాడు. ఎవరూ నమ్మలేదు. యాభై అన్నాడు. ఒకడు ఏమైతే అయిందని మోశాడు. అక్కడికక్కడే యాభై చేతిలో పెట్టారు. సర్కారు ఒక మాటంటే అది జరుగుతుంది అని ఊరికి తెలియడానికే అదంతా. తర్వాత ఐదేసి, పదేసి కుటుంబాలను ఒక కట్టుగా కట్టి, ఒకరు నేరం చేస్తే మిగతావాళ్ళు చెప్పి తీరాలన్నాడు. చెప్పకపోతే వాళ్ళకూ శిక్షే. యుద్ధంలో శత్రువు తలకాయ తెచ్చినవాడికి హోదా. పుట్టుకతో వచ్చే దర్జాలు తగ్గించాడు. యువరాజు తప్పు చేస్తే అతని గురువులను శిక్షించాడు.

ఆ యువరాజు క్రీ.పూ. 338లో గద్దెనెక్కాడు. షాంగ్ యాంగ్ పారిపోతూ రాత్రికి ఒక సత్రం తలుపు తట్టాడట. గుర్తింపు లేనివాడిని ఉంచుకుంటే నాకు శిక్ష, షాంగ్ గారి చట్టం అలా ఉంది అన్నాడట సత్రంవాడు. చివరికి అతని శరీరాన్ని రథాలకు కట్టి లాగించారు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించింది సత్రం కాదు. మనిషిని చంపారు గానీ అతని చట్టాలను మాత్రం చిన్ వదులుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

వందేళ్ళ తర్వాత ఈ వాదానికి మంచి పుస్తకం రాసినవాడు హాన్ ఫెయ్. నత్తి ఉండేదట, అందుకే మాట్లాడటం కన్నా రాయడం మీద పడ్డాడు. అతనూ, తర్వాత చిన్ చక్రవర్తికి ప్రధానమంత్రి అయిన లీ సు, ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదివారు. ఆ గురువు షున్ జీ. ఆయన ఎవరనుకున్నారు? ఆ కాలంలో కన్ఫ్యూషియస్ దారిలో అంతటి పండితుడు మరొకడు లేడు. కాగితం మీద మొదటి గడిలో ఉండవలసిన గురువు, మూడో గడిలో పెట్టవలసిన శిష్యులు. గీతలు లేవన్నది ఇందుకే.

హాన్ ఫెయ్ వాదం మా అమ్మాయికి నచ్చింది, నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. రాముడి లాంటి రాజు వెయ్యి తరాలకి ఒకడు పుడతాడు, రావణుడి లాంటి వాడూ అంతే. మధ్యలో వచ్చేవాళ్ళంతా మామూలు మనుషులు. కాబట్టి మామూలువాడు కుర్చీలో కూర్చున్నా బండి నడిచేలా చట్టం ఉండాలి గానీ, మహాత్ముడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఎలా? రాముడు, రావణుడు నేను పెట్టిన పేర్లు, అతను చెప్పినవి చైనా పురాణాల పేర్లు. చిన్ రాజు ఇతని రాతలు చదివి ముచ్చటపడ్డాడు. కానీ హాన్ ఫెయ్ ఆ రాజ్యానికి రాయబారిగా వచ్చినప్పుడు క్రీ.పూ. 233లో చెరసాలలోనే పోయాడు. విషం పంపింది పాత సహాధ్యాయి లీ సు అని చరిత్రకారుడు సీమా చియాన్ రాశాడు.

క్రీ.పూ. 221కి చిన్ మిగతా ఆరు రాజ్యాలనూ గెలిచింది. రాజు తనను మొదటి చక్రవర్తి అని పిలుచుకున్నాడు. సామంతులకు భూములు పంచి ఇవ్వకుండా దేశాన్ని 36 జిల్లాల్లాగా విడగొట్టి, జీతం మీద పనిచేసే అధికారులను వేశాడు. నచ్చకపోతే మార్చేయొచ్చు. తూకాలు, కొలతలు, లిపి, బండి ఇరుసు వెడల్పు అన్నీ ఒకటే చేశాడు. 213లో లీ సు సలహా మీద పుస్తకాలు కాల్చారు. వైద్యం, వ్యవసాయం, జోస్యం పుస్తకాలు వదిలేశారు, ఆస్థాన పండితుల దగ్గరి ప్రతులూ వదిలేశారు. 210లో చక్రవర్తి పర్యటనలో పోయాడు. వాసన తెలియకుండా వెంట ఉప్పు చేపల బండ్లు నడిపిస్తూ శవాన్ని రాజధానికి తెచ్చారట. ఈలోగా లీ సు, జావ్ గావ్ అనే అంతఃపుర అధికారి కలిసి దొంగ వీలునామా పుట్టించి పెద్దకొడుకుని చావమన్నారు, చిన్నవాణ్ణి ఎక్కించారు. ఆ చిన్నవాడు హాన్ ఫెయ్ చెప్పిన మామూలువాడే. బండి మాత్రం నడవలేదు. 208లో లీ సును నడుం దగ్గర నరికించారు. 206కల్లా చిన్ లేదు. ఆరు రాజ్యాలను గెలిచింది పదిహేనేళ్ళకే పోయింది.

ఎందుకు పోయింది? పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబు ఇది. క్రీ.పూ. 209 వేసవిలో 900 మందిని సరిహద్దు కాపలాకి తోలుకెళుతున్నారు. దారిలో కుండపోత వాన, రోడ్లు తెగాయి. గడువు దాటిపోయింది. ఆలస్యానికి శిక్ష మరణం. ఎలాగూ చావే కాబట్టి తిరగబడి చద్దామని చెన్ షెంగ్, వూ గ్వాంగ్ అనే ఇద్దరు లేచారు, దేశమంతా వాళ్ళ వెనక లేచింది. మా అమ్మాయి ఇది ముందే రాసేసింది. ఆలస్యమైతే చంపేసేవాళ్ళు, అందుకే లీగలిజం చెడ్డది అని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1975 డిసెంబరులో చైనాలో హూబెయ్ రాష్ట్రం, యున్‌మెంగ్ దగ్గర ష్వేహూదీ అనే చోట కాలవ తవ్వుతుంటే పాత సమాధులు బయటపడ్డాయి. పదకొండో సమాధిలో ఒక మనిషి అస్థిపంజరం, దాని చుట్టూ 1100కు పైగా వెదురు బద్దలు. కాగితం ఇంకా పుట్టని కాలం, సన్నటి వెదురు బద్దల మీద సిరాతో రాసి దారంతో కట్టేవాళ్ళు. ఆయన పేరు షీ. క్రీ.పూ. 262లో పుట్టాడు. జిల్లా ఆఫీసులో గుమాస్తా, తర్వాత నేరవిచారణలు చూసేవాడు. చివరి నమోదు 217లో ఉంది. నలభై అయిదేళ్ళకే పోయాడన్నమాట. జీవితమంతా వాడిన చట్టాల నకళ్ళను ఆయనతో పాటే పెట్టెలో పెట్టారు.

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు వానాకాలంలో వర్షపాతం లెక్కలు పైకి పంపడం, ఎన్ని ఎకరాలు తడిసింది, నాట్లు ఎంతవరకు అయ్యాయి అని ఫైళ్ళు రాయడం చూశాను. షీ గారి బద్దల్లో సరిగ్గా అదే ఉంది. సకాలంలో వాన పడితే ఎంత భూమికి మేలు జరిగిందో రాసి పంపాలి. కరువు, గాలివాన, మిడతలు వచ్చినా రాయాలి. దగ్గరి తాలూకాలు నడిచే దూతతో, దూరపువి టపా మీద పంపాలి. నోటిమాట చెల్లదు. అది చదువుతుంటే నాకు మా నాన్నగారి టేబుల్ మీద ఉండే సిరాబుడ్డి వాసన వచ్చింది.

ఎడ్ల మీద ఒక చట్టం ఉంది. సర్కారు దుక్కిటెద్దులను ఏడాదికి నాలుగుసార్లు పరీక్షిస్తారు. బాగా చూసినవాళ్ళకి సారా, ఎండు మాంసం బహుమానం. దున్నించిన ఎద్దు నడుం చుట్టుకొలత అంగుళం తగ్గితే బాధ్యుడికి పది దెబ్బలు. బహుమానం, దండన, రెండే పిడులు అని హాన్ ఫెయ్ పెద్ద తత్వంగా రాసింది కింద పొలంలో ఇలా ఎద్దు నడుం కొలిచే తాడుగా మారింది.

వాళ్ళు మంచివాళ్ళని నేను అనడం లేదు. పక్కవాడి మల్బరీ ఆకులు కోస్తే, ఒక్క కాసు విలువ చేయకపోయినా, ముప్ఫై రోజుల వెట్టి. ఐదుగురు కలిసి ఒక కాసుకు మించి దొంగిలిస్తే ఎడమ పాదం నరికి, ముఖం మీద పచ్చ పొడిచి, గోడలు కట్టే వెట్టికి తోలతారు. ఇది చదివితే అన్నం సహించదు. కానీ అదే కట్టలో విచారణ చేసేవాళ్ళకి ఒక సూచన ఉంది. కొట్టకుండా మాటల ద్వారా నిజం రాబట్టినవాడు మేటి, కొట్టి రాబట్టినవాడు నాసి. ఇంకో పుస్తకం అధికారి ఎలా ఉండాలో చెబుతుంది. విశ్వాసం, నిజాయితీ, కింది వాళ్ళ మీద దయ, తండ్రికి వాత్సల్యం, కొడుకుకి పితృభక్తి. ఇవి కన్ఫ్యూషియస్ గడిలో రాయవలసిన మాటలు కదా! పుస్తకాలు కాల్చిన ప్రభుత్వపు గుమాస్తా పక్కలో ఉన్నాయి.

ఇక ఆలస్యం సంగతి. వెట్టికి పిలిచిన మనుషులను గడువుకి చేర్చకపోతే ఏమిటన్నది ఆ బద్దల మీద స్పష్టంగా ఉంది. మూడు నుంచి ఐదు రోజుల ఆలస్యానికి చీవాట్లు. ఆరు నుంచి పది రోజులకి ఒక డాలు ఖరీదు జరిమానా. పది దాటితే ఒక కవచం ఖరీదు. వాన వల్ల పని సాగకపోతే ఆ పిలుపే రద్దు. మరణశిక్ష మాటే లేదు. ఇది వెట్టిపనుల చట్టం, చెన్ షెంగ్ వాళ్ళు వెళ్ళింది సరిహద్దు కాపలాకి, సైన్యం నియమాలు వేరుగా ఉండి ఉండొచ్చని కొందరు పండితుల వాదన. రెండో చక్రవర్తి కాలంలో కఠినం చేశారేమో అని మరికొందరు. చెన్ షెంగ్ జనాన్ని లేపడానికి కాస్త పెంచి చెప్పాడేమో అని నాకనిపిస్తుంది. ఏమైనా, మనం రెండు వేల ఏళ్ళుగా నమ్మింది సీమా చియాన్ రాసినదాన్ని. ఆయన తర్వాతి రాజవంశం హాన్ కొలువులో ఉద్యోగి. పడిపోయిన వాళ్ళ చరిత్ర పడేసినవాళ్ళ ఇంట్లో తయారయింది.

పక్కనే నాలుగో సమాధిలో రెండు చెక్క పలకలు దొరికాయి. హెయ్‌ఫూ, జింగ్ అనే ఇద్దరు అన్నదమ్ములు క్రీ.పూ. 223 ప్రాంతంలో యుద్ధం నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు. అమ్మ ఎలా ఉంది అని అడుగుతారు. వేసవి బట్టలు కావాలి, ఊళ్ళో గుడ్డ చవగ్గా ఉంటే అమ్మని కుట్టి పంపమనండి, ఖరీదైతే డబ్బే పంపండి, ఇక్కడ కొనుక్కుంటాం అంటారు. ఊరు దాటి వచ్చిన మనకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

హాన్ వంశం స్థాపించిన ల్యూ బాంగ్ చిన్ రాజధాని చేరగానే ఆ చట్టాలన్నీ కొట్టేశాను, మూడే మిగిల్చాను అన్నాడు. హత్యకి మరణం, గాయపరిచినా దొంగతనం చేసినా తగిన శిక్ష. జనం పొంగిపోయారు. అదే సమయంలో అతని మనిషి షియావ్ హ ఏం చేశాడో తెలుసా? మిగతావాళ్ళు ఖజానా కోసం పరిగెడుతుంటే ఈయన చిన్ ప్రభుత్వపు చట్టాల కట్టలు, పటాలు, జనాభా లెక్కలు బండ్లకెత్తించాడు. మూడు చట్టాలతో దేశం నడవదని త్వరలోనే తేలింది. చిన్ చట్టం నుంచి ఏరి తొమ్మిది అధ్యాయాలు తయారుచేసింది కూడా ఆయనే. 1983–84లో హూబెయ్‌లోనే జాంగ్‌జియాషాన్ సమాధిలో క్రీ.పూ. 186 నాటివని భావించే హాన్ చట్టాలు దొరికాయి. షీ గారి బద్దల పక్కన పెట్టి చూస్తే నేరాల పేర్లు, శిక్షల పేర్లు చాలావరకు అవే.

ల్యూ బాంగ్‌కి పండితులంటే పడదు. వాళ్ళ టోపీ లాక్కుని అందులో మూత్రం పోశాడని రాశారు. కానీ దర్బారులో తన పాత స్నేహితులు తాగి కత్తులతో స్తంభాలు నరుకుతుంటే విసుగొచ్చింది. షూసున్ తోంగ్ అనే పండితుడు ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వంగాలో నేర్పి క్రీ.పూ. 200లో దర్బారు జరిపించాడు. చీమ చిటుక్కుమనలేదు. చక్రవర్తిగా ఉండటంలో మజా ఏమిటో ఈరోజు తెలిసింది అన్నాడట ల్యూ బాంగ్. మర్యాదల పండితులకు కొలువులో చోటు ఆ పూట దొరికింది.

రెండో గడి, దావో సంగతి. తర్వాతి అరవై ఏళ్ళు కొలువులో వాళ్ళ మాటే నడిచింది. పైవాడు ఎక్కువ కదిలించకుండా ఉంటే దేశం తేరుకుంటుందన్న విధానం. పన్నులు తగ్గాయి. తీయింగ్ అనే అమ్మాయి తండ్రి శిక్షకి బదులు తనను బానిసగా తీసుకోమని అర్జీ పెడితే, వెన్ చక్రవర్తి 167లో పచ్చ పొడవడం, ముక్కు కోయడం, పాదం నరకడం మాన్పించాడు. బదులు కొరడా దెబ్బలు పెట్టారు, ఆ దెబ్బలకే చాలామంది చచ్చారు. ఆయన భార్య డౌ రాజమాతకి లావో జీ పుస్తకం ప్రాణం. యువాన్ గూ అనే కన్ఫ్యూషియస్ పండితుడు దాన్ని పనివాళ్ళ మాటలని తీసిపారేశాడు. ఏమీ చేయవద్దని చెప్పే తత్వం నమ్మిన ఆవిడ, ఆ పెద్దాయన్ని అడవిపంది దొడ్లోకి దింపించింది! కొడుకు జింగ్ చక్రవర్తి చాటుగా ఒక పదునైన కత్తి అందించాడు, ఒక్క పోటుకి పంది పడిపోయింది. మా అమ్మాయి నవ్వి నవ్వి పొర్లింది.

ఆవిడ క్రీ.పూ. 135లో పోయింది. అప్పటికే మనవడు వూ చక్రవర్తి ఐదు ప్రాచీన గ్రంథాలకు ఆస్థాన పండితులను వేశాడు. 124లో 50 మంది విద్యార్థులతో రాజ విద్యాలయం పెట్టాడు. కన్ఫ్యూషియస్ గెలిచాడని పాఠ్యపుస్తకం ఇక్కడ అధ్యాయం ముగిస్తుంది. కానీ అదే చక్రవర్తి ఉప్పు, ఇనుము సర్కారు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన న్యాయాధికారి జాంగ్ తాంగ్ ఆ గ్రంథాలు చదివిన కుర్రాళ్ళను గుమాస్తాలుగా పెట్టుకుని, కఠినమైన తీర్పులకు గ్రంథాల అలంకారం చేయించాడు. చిన్ క్రూరత్వాన్ని మనకు చెప్పిన సీమా చియాన్ ఉన్నాడే, ఓడిన ఒక సేనాపతి తరఫున మాట్లాడినందుకు ఆయన పుంస్త్వం తీయించింది ఈ హాన్ చక్రవర్తే. క్రీ.పూ. 81లో ఉప్పు, ఇనుము మీద ఆస్థానంలో పెద్ద చర్చ జరిగింది. పండితులు ధర్మం గురించి మాట్లాడారు, మంత్రులు సరిహద్దు సైన్యానికి డబ్బెక్కడిదన్నారు. పండితులు బాగా మాట్లాడారు. ముఖ్యంగా సారా మీద గుత్తాధిపత్యం పోయింది, ఉప్పు మాత్రం సర్కారు దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా బాహాటంగా ఒప్పుకున్నవాడు ఒకడున్నాడు. క్రీ.పూ. 74 నుంచి 49 దాకా ఏలిన షువాన్ చక్రవర్తి. భోజనాల దగ్గర యువరాజు మెల్లగా, నాన్నగారూ, మీరు శిక్షలు మరీ ఎక్కువ వాడుతున్నారు, పండితులను వాడుకోండి అన్నాడు. తండ్రి ముఖం మాడిపోయింది. మన హాన్ ఇంటికి తనదైన పద్ధతి ఉంది, బలంతో ఏలే దారినీ, ధర్మంతో ఏలే దారినీ కలిపి వాడతాం అన్నాడు. ఆ పైన నిట్టూర్చి, మన ఇల్లు ముంచేది వీడేనని గొణుక్కున్నాడు.

వాదన రోజు మా అమ్మాయి మంచి రాజు కోసం ఎన్నాళ్ళు ఆగుతారని మొదలుపెట్టి, ఎద్దు నడుం దాకా చెప్పిందట. ఆలస్యానికి మరణశిక్ష వాక్యం కొట్టేసి, డాలు జరిమానా లెక్క రాసుకుంది. ఎడమ పాదం శిక్ష సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఓట్లలో చిత్తుగా ఓడిపోయింది. కన్ఫ్యూషియస్‌కి పంతొమ్మిది, తనకి నాలుగు. కాగితంలో మూడో గడి కింద, ఏ రాజవంశం పాటించింది అన్న చోట చిన్, హాన్ అని రెండూ రాసింది. హాన్ పక్కన టీచరు ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టి ఒక మార్కు తగ్గించారు. వెళ్ళి మాట్లాడనా అన్నాను. వద్దు నాన్నా, నేనే అడుగుతాను, ష్వేహూదీ పేరు ఎలా పలకాలో ఇంకోసారి చెప్పు అంది.

వచ్చే వారం ఇదే సమయానికి మళ్ళీ కలుద్దాం. సెలవు.